ఏ విషం?

"ఆయన ఏం తాగారో చెప్పండి!" ఎమర్జెన్సీ వార్డులో డాక్టరమ్మ అలా అడగడం అది మూడోసారి.

"విషం!" అన్నాడు బావమరిది.

మంచం మీద బేకరీ యజమాని కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. పొద్దున టీ కప్పు పక్కనే కూలబడిపోతే, బావమరిదీ తమ్ముడూ చెరో రెక్కా పట్టుకుని ఆటోలో వేసుకొచ్చారు. ముగ్గురూ ఆ బేకరీలోనే పనిచేస్తారు.

"అది సరే, ఏ విషం?"

"వీణ్ణడగండి! ఏడాదిగా మా బావ చెవిలో వీడు పోస్తున్నదంతా విషమే. నేను పిండి దొంగనట! ఎదురుగా ఇంకో కొట్టు పెడతానట!"

తమ్ముడు అన్న పాదాలు వదలకుండా ఏడుస్తున్నాడు. "నీ నోట్లో మాత్రం తేనె ఉందా? అన్నయ్యా, కళ్లు తెరువు. నీ బావమరిది కడుపునిండా విషమేనని చెబుతూనే ఉన్నాను, విన్నావా?"

"చెవిలోదీ నోట్లోదీ నాకొద్దు!" డాక్టరమ్మ స్టెతస్కోపు బల్ల మీదికి విసిరింది. "ఈయన కడుపులోకి వెళ్లిందేంటో చెప్పండి. నాడి బాగానే కొట్టుకుంటోంది, మనిషి మాత్రం ఉలకడు పలకడు. సీసా తెచ్చారా? డబ్బా?"

"వీడు వెతకనిస్తేగా!"

"నేనా? నువ్వా?"

ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. నర్సు మధ్యలో దూరి విడదీసింది.

"కొట్టుకోండి, తనివితీరా కొట్టుకోండి." అంది డాక్టరమ్మ. "ఒక్కో విషానికి ఒక్కో విరుగుడు. పేరు తెలియకుండా పొడిస్తే ఆ సూదే ఈయన్ని చంపొచ్చు. ఇంకో పది నిమిషాలు చూసి నేనూ చేతులెత్తేస్తాను."

బావమరిది గోడకి చేరగిలబడ్డాడు. "దొంగన్నా పడతాను. లే బావా," అని గొణిగాడు.

తమ్ముడు డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ఎలుకల మందు మేడం... గోదాంలో పచ్చ డబ్బాలోది." రెండు వేళ్లు చూపించాడు. "రెండు చెంచాలే."

డాక్టరమ్మ అతని వంక ఒక్క క్షణం చూసి, సూది అందుకుంది. మంచం మీంచి ఒక చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఆ టీ నేను తాగలేదు. వాసన తేడాగా ఉంటే సింకులో పారబోసి, పడిపోయినట్టు నటించాను."

బేకరీ యజమాని చూపు తమ్ముడి మీద నిలిచిపోయింది.

"మా బావమరిదిని పట్టించాలని."