ఒంటికన్ను గోథీ

"నాలుగు దాటితే నేను ఒప్పుకోను," అంది రాగ్నా గడియారం చూసుకుంటూ. "మీ గోథీ రాకపోతే ఆదివారం చర్చిలో పెళ్ళి. మాటిచ్చింది నువ్వే."

"ఇంకా పావుగంట ఉందమ్మా," అంది పెళ్ళికూతురు ఇదున్.

ఆ తీరంలో పాత దేవుళ్ళను కొలిచేవాళ్ళు మొత్తం పంతొమ్మిది మంది. పెళ్ళికూతురు తల్లి అందులో లేదు. చేరే ఉద్దేశమూ లేదు.

పూజలూ పెళ్ళిళ్ళూ జరిపించే వాళ్ళ గోథీకి నడుం పట్టేసింది. బదులుగా తూర్పు నుంచి ఒకరిని పంపుతున్నామని కబురు వచ్చింది. పేరు అడగడం ఎవరికీ తోచలేదు. పెళ్ళికొడుకు కారి సోమవారం చేపల ఓడ ఎక్కితే మళ్ళీ మూడు నెలలకు గాని రాడు.

కింద రోడ్డు మీద బస్సు ఆగి వెళ్ళింది. జల్లులో ఇద్దరు పైకి వస్తున్నారు.

ముందు ఓ ముసలాయన. వెడల్పాటి టోపీ, చేతిలో కర్ర. దగ్గరికి వచ్చాక చూస్తే, ఉన్నది ఒకటే కన్ను.

రాగ్నా తప్ప అందరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"ఒంటికన్ను, టోపీ, కర్ర!" అంది వంట చూస్తున్న బెర్గా గుండెమీద చెయ్యి వేసుకుని. "అచ్చం ఓడిన్ దేవుడే బాటసారి వేషంలో వచ్చినట్టు లేదూ? గోథీ అంటే ఇలా ఉండాలి."

"మన పాతాయనా ఉన్నాడు, బ్యాంకు గుమాస్తాలా," అన్నాడు కారి.

వెనకాల పొట్టిగా, గుండ్రంగా, పసుపు రెయిన్‌కోటులో ఒకావిడ.

"భార్య కాబోలు," అన్నారెవరో. రెండు నిమిషాల్లో ఆ కాబోలు కాస్తా ఎగిరిపోయింది.

ఆయన్ని ఎత్తు పీట మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"ఈ పెళ్ళి కోసమే వచ్చాను," అంది ఆవిడ, కోటు విప్పుతూ.

"సమయానికి వచ్చారమ్మా," అంటూ బెర్గా ఆవిడ చేతిలో కత్తి పెట్టింది. "దుంపలు ఇంకా సగం అలాగే ఉన్నాయి."

ఆవిడ కత్తిని చూసింది, దుంపలను చూసింది. ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి అనుకుందేమో, ఏప్రన్ కట్టుకుని చెక్కడం మొదలుపెట్టింది.

ముసలాయన ఏమడిగినా తల ఊపుతున్నాడు.

"ఎంత లోతైన మనిషో!" అంది బెర్గా.

"పొట్ట కూడా లోతే," అంది రాగ్నా. మూడో రొట్టె ముక్క అప్పుడే మాయమైంది.

ఇదున్ పెళ్ళి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూడనైనా చూడకుండా పక్కనున్న ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసింది," అంది రాగ్నా.

నాలుగయింది. మంట రాజేశారు. ముసలాయన లేచి, తేనెసారా నింపిన కొమ్ము అందుకుని మంటకేసి చూస్తూ నిలబడ్డాడు.

అలా నిలబడే ఉన్నాడు.

కొందరికి కళ్ళు చెమర్చాయి. రాగ్నా మళ్ళీ గడియారం చూసుకుంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇక మొదలుపెడదామా?" అంది మెల్లగా.

ఆయన తల ఊపి కొమ్ము ఆవిడకిచ్చాడు.

ఆవిడే దేవుళ్ళను పిలిచింది. ఆ నేలను కాచేవాళ్ళను, పోయిన పెద్దలను పిలిచింది. మొదటి గుక్క మట్టికి పోసింది. ప్రమాణపు ఇనుప కడియం ముందుకు చాస్తే ఇదున్, కారి చెరోవైపు పట్టుకున్నారు.

"మాట తప్పేలా ఉంటే ఇప్పుడే వదిలేయండి," అంది ఆవిడ. "ఇనుము ఎలాగూ చల్లగా ఉంది, ఎవరూ ఏమీ అనుకోరు."

అందరూ నవ్వారు. ఎవరూ వదల్లేదు.

"ఆ మహానుభావుణ్ణి ఒక్క మాట మాట్లాడనిచ్చిందా?" అని గొణిగింది బెర్గా.

"ఆయన చూపుతోనే జరిపించేశాడు లెండి," అన్నాడు కారి తండ్రి.

విందులో మొదటి ముక్క ముసలాయనకే. గోథీకి ఇద్దామని బెర్గా చలికాలమంతా కూర్చుని అల్లిన స్వెటర్ కూడా ఆయన ఒంటికే ఎక్కింది. ఆవిడ మాత్రం కుండ పక్కన కూర్చుని, గొర్రె మెడ ఎముక, నాలుగు దుంపలు వేసుకుని హాయిగా తింది.

"బాగా ఉడికాయి," అని తన దుంపలను తనే మెచ్చుకుంది.

ముసలాయన కొండవైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆరు గంటల బస్సు ఎక్కింది.

"విడివిడిగా వెళ్తున్నారేమిటమ్మా?" అంది ఇదున్.

"అంత నోరున్న పెళ్ళాంతో ఎవరు బస్సెక్కుతారే?" అంది రాగ్నా. "అది సరే, విందు బాగుంది. పెళ్ళయిందో లేదో మాత్రం కాగితం వచ్చాక చెప్తాను."

పది రోజులకు కాగితం వచ్చింది. పెళ్ళి జరిపించినవారు అన్నచోట ఆల్దిస్ అని సంతకం, కింద ఫోన్ నంబరు.

"గోథీ భార్య సంతకంతో పెళ్ళెలా అవుతుందే?" అంది రాగ్నా, కూతురి భుజం మీదుగా చూస్తూ. "నీ మొగుడు చూస్తే సముద్రంలో ఉన్నాడు."

ఇదున్ వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"ఆల్దిస్ గారూ, మీ ఆయన పెట్టాల్సినచోట మీరు సంతకం పెట్టారండీ. పెళ్ళి చెల్లదంటోంది మా అమ్మ."

అవతల నవ్వు వినిపించింది.

"నాకు ఆయనెక్కడున్నాడమ్మా?" అంది ఆల్దిస్. "మీ పెళ్ళి చేసిన గోథీని నేనే. ఇంతకీ, పాపం సంతోషంతో నోట మాట రాక మంట ముందు అలా నిలబడిపోయిన మీ తాతగారు కులాసానా?"