కాటా గది తీగ

"నా రెండు ప్లగ్గులు గీడనే మరిచినట్టున్న ఖాసిం. జర లే," అంటూ జానయ్య బల్ల కిందికి దూరాడు.

కంప్యూటర్లు బాగుచేయడానికి నల్గొండ నుంచి వచ్చే మెకానిక్ అతను. 1993లో చిట్యాల చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఆ రైసు మిల్లులో లారీలు తూచే కాటా గదిలో ఒక కంప్యూటరు, ఆవరణకు ఆ చివరనున్న ఆఫీసులో ఒకటి. రెంటినీ కలుపుతూ పొడుగాటి తీగ. ఇక్కడ ఖాసిం తూకం కొడితే అక్కడ పనిచేసే మెహరాజ్ అనే అమ్మాయి తెర మీద పడాలి. సరిగా పడటం లేదని యజమాని కబురు పెడితే, జానయ్య పోయిన వారం వచ్చి రెండు గదుల్లోనూ చూసి వెళ్లాడు. సీజను అయిపోయి లారీలు రావడం లేదు కాబట్టి ఎవరికీ తొందర లేదు.

ప్రేమలో పడ్డవాడికి కుర్చీ జరపడం చేతనవుతుంది గాని నోరు మూసుకోవడం చేతకాదు. ఖాసిం అంతా చెప్పేశాడు. మెహరాజ్ పక్క కుర్చీలోనే ఆమె మేనమామ కూర్చుని లెక్కలు రాస్తాడు. ఎదురుపడితే సలాం చెప్పాలన్నా భయమే. కిటికీలోంచి చూస్తే ఆమె చున్నీ కొంగు మాత్రం కనిపిస్తుంది. ఆ కొంగు కోసమే ఖాసిం తనకు సెలవైనా మిల్లుకు వచ్చేవాడు. మాటలన్నీ ఈ తీగలోనే. ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నవా?" అని కొడితే "తిన్న, నువ్వో?" అని వచ్చేది. ఆ రెండు ముక్కలతోనే అతనికి రోజంతా గడిచిపోయేది.

"గీ వారం సిగ్గెక్కువైందన్నా. నేనేమంటే గదే అంటాంది. శుక్రవారం ధైర్యం చేసి కొట్టిన, 'నన్ను చేసుకుంటవా?' అని. నా మాట కిందనే ఆమె మాట పడ్డది. 'నన్ను చేసుకుంటవా?' అని ఆమెనే నన్నడిగింది."

ఇవాళ పొద్దున్నే ఖాసిం తల్లి అజీజా బేగం మిఠాయి డబ్బా పట్టుకుని సంబంధం అడగడానికి మెహరాజ్ ఇంటికి పోయిందట.

బల్ల కింద జానయ్య చేయి ఆగింది. బయటికి వచ్చేసరికి అతని అరచేతిలో చిన్న ప్లగ్గు ఉంది. ఖాసింకు విషయం చెప్పాడు. తీగను మధ్యలో ఎలుకలు కొరికేశాయి. కొత్తది తెస్తానని యజమానికి చెప్పిపోయాడు గాని వీళ్లకు చెప్పలేదు. ఇది కంప్యూటరును పరీక్షించే ప్లగ్గు. పంపే పిన్నునూ అందుకునే పిన్నునూ కలిపేస్తుంది. కొట్టిన మాట ఎక్కడికీ పోదు, తిరిగి కొట్టినవాడి తెర మీదికే వస్తుంది.

ఖాసిం నమ్మలేదు. ప్లగ్గు లేకుండా "తిన్నవా?" అని కొట్టాడు. కింద ఏమీ రాలేదు. ప్లగ్గు పెట్టి మళ్లీ కొట్టాడు. "తిన్నవా?" అని వచ్చింది.

"అంటే వారం నుంచి నాతోని నేనే మాట్లాడుకున్ననా?"

జానయ్య ప్లగ్గు పీకి సంచిలో వేసుకున్నాడు.

ఖాసిం పిల్లకు ఒక్క మాట చెప్పకుండా ఆమె ఇంటికి తల్లిని పంపినవాడయ్యాడు. అమ్మ ఎన్ని మాటలు పడుతుందో. మేనమామ ఆమెను ఉద్యోగం మాన్పిస్తాడు, ఇక ఆ కొంగు కూడా కనిపించదు. "తిన్నవా" దగ్గరే ఆగి ఉంటే జన్మంతా అట్లాగే బతికేసేవాడు. అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తల్లిని ఆపుదామని చెప్పులేసుకునేలోపే అజీజా బేగం మిల్లు గేటు దాటి వచ్చింది. చేతిలో డబ్బా లేదు.

"గట్ల నిలబడ్డవేందిరా? ఒప్పుకున్నరు. పిల్లనే పట్టుబట్టిందట. 'నన్ను చేసుకుంటవా అని ఖాసిం అడిగిండు, నాకిష్టమే' అని శనివారమే వాళ్లమ్మతోని చెప్పిందట."

ఖాసిం అయోమయంగా జానయ్య వైపు చూశాడు. తీగ తెగిందంటే ఆ మాట అక్కడికి ఎట్లా చేరింది?

జానయ్య సంచి అంతా దులిపి చూసుకుని, ఆఫీసు కిటికీ వైపు తిరిగాడు.

రెండో ప్లగ్గు మెహరాజ్ కంప్యూటరుకే ఉంది; అక్కడా ఆమె కొట్టిన మాటే ఆమెకు తిరిగొచ్చింది.