మిదెల్త్ కొండల్లో ఇటలీ పళ్లు

హద్దూ వంటింట్లో చాప పరిచి, తన తోట ఆపిల్ పళ్లకి ఇటలీ పౌరసత్వం ఇస్తున్నాడు. పండుకొక నీలం స్టిక్కరు. భార్య ఇట్టో తుడిచి అందిస్తోంది, అతను నాలిక బయటపెట్టి మరీ శ్రద్ధగా అతికిస్తున్నాడు. స్టిక్కర్లు ఫెజ్ పట్నంలో ప్రెస్సు నడిపే బావమరిది అచ్చేసి పంపినవి.

"పట్టుబడితే?" అంది ఇట్టో.

"ఏం, నేను మిదెల్త్ దాన్నేనని ఆపిల్ నోరు విప్పి చెబుతుందా?"

ఇదంతా హాజ్ బెన్నీస్ చలవే. కాసాబ్లాంకా పళ్ల మార్కెట్లో ఆయన వద్దన్న సరుకు ఇంకెవరూ ముట్టరు. నిరుడు హద్దూ ఇవే పళ్లు నిజాయితీగా లారీకెత్తి తీసుకెళితే, ఆయన కొరికైనా చూడలేదు.

"కొండ కాయ! తీసుకెళ్లి నీ గాడిదకి పెట్టు. ఇప్పుడంతా విదేశీ సరుకుదే రాజ్యం. మన కాయ దేశం దాటే రోజు నా మనవడు కూడా చూడడు" అన్నాడు.

తాత నాటిన తోటని పట్టుకుని అంత మాటంటాడా! హద్దూకి కడుపు మండిపోయింది.

ఈ ఏడు అవే పళ్లు పట్టుకెళ్లి, ఇటలీ సరుకు వ్యాపారంలోకి దిగానన్నాడు. హాజ్ ఒకటి కొరికి కళ్లు మూసుకున్నాడు. "పండంటే ఇదయ్యా!" అని రెట్టింపు ధర ఇచ్చాడు. అలా మూడు లోడ్లు దిగాయి.

నాలుగోది సిద్ధమవుతుండగా ఫోను మోగింది.

"వెంటనే రా. నీ పళ్ల సంగతి మాట్లాడాలి. దుబాయ్ నుంచి ఒకాయనొచ్చి కూర్చున్నాడు." హాజ్ గొంతు తగ్గించి చెప్పాడు.

హద్దూకి పైప్రాణాలు పైనే పోయాయి. కేసు, జైలు, తోట జప్తు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. బస్సెక్కేదాకా ఇట్టో మాత్రం ఊరుకోలేదు.

"జైల్లో సూపు నీళ్లలా ఉంటుందట. ఇటలీదని స్టిక్కరేసుకుని తాగు" అని రొట్టెల మూట చేతిలో పెట్టి, అంతలోనే బావురుమంది.

దుకాణంలో తెల్లంగీ పెద్దమనిషి ఒకడు ఆపిల్ నములుతున్నాడు. బల్ల మీద యాష్‌ట్రే నిండా పీకేసిన నీలం స్టిక్కర్లు. అవి చూడగానే దొరికిపోయానని హద్దూకి ఖాయమైపోయింది. హాజ్ కాళ్ల మీద పడిపోదామనుకునేలోపు ఆ దుబాయ్ మనిషి లేచి, అతని భుజం తట్టి, ఇంకో రెండు పళ్లు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

హాజ్ తలుపు గడియ పెట్టాడు.

"హాజ్‌గారూ, తప్పయిపోయింది..."

"తప్పు నాదయ్యా! మక్కాకి వెళ్లొచ్చినవాణ్ణి, ఈ వయసులో దగా చేశాను!" హాజ్ గుండెలు బాదుకున్నాడు. "విదేశీ పళ్లు తిని తిని దుబాయ్ వాళ్లకి మొహం మొత్తిందట. అచ్చమైన మిదెల్త్ కొండ పండే కావాలని పట్టుబట్టాడు. నీ గాడిద మేత పెడితే నా పరువేం కాను? అందుకే నీ ఇటలీ పళ్ల స్టిక్కర్లు పీకేసి, మిదెల్త్‌వే అని తినిపించాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడయ్యా! ఏటా ఓడకెత్తమన్నాడు."

హద్దూ యాష్‌ట్రేలోంచి ఒక స్టిక్కరు తీసి తిప్పి తిప్పి చూశాడు.

హాజ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ కడుపున పుడతాను, అన్నీ ఇటలీవే తీసుకురా. మీ తోట కాయ ఒక్కటి కలిసిందా, ఆ దుబాయ్ ఆయన ఒక్క కొరుకుతో పట్టేస్తాడు!"