వెనక గదిలో పులి

జంతుశాలలకు మార్కులు వేసే అధికారి సుభాషిణికి మొదటి బోను దగ్గరే ఒళ్ళు మండింది. లోపల యంత్రంతో నడిచే మరపులి అద్దం దాకా వచ్చి, పుట్టినరోజు చేసుకోవడానికొచ్చిన ఓ పిల్లకు ముందుకాళ్ళు జోడించి దండం పెట్టింది. చుట్టూ మల్లెపూల సెంటు వాసన.

“అసలు పులి ఏదండీ?” అనడిగింది.

“వెనక గదిలో ఉంది మేడం,” అన్నాడు క్యూరేటర్ మస్తాన్‌వలి. “ఎంతసేపూ పడుకునే ఉంటుంది. పైగా కంపు. జనం చీదరించుకుంటున్నారు.”

“వీళ్ళ కోసం పులి కూడా సెంటు పూసుకుని రావాలా?” అంటూ సున్నా వేసి, విసురుగా వెళ్ళి ఆ గది తలుపు తెరిపించింది.

ముసలి పులి తలెత్తి ఆమెను చూసింది. ఉచ్చకంపు, పచ్చిమాంసం కంపు గుప్పుమన్నాయి. సుభాషిణి చెయ్యి దానంతటదే కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టింది.

మస్తాన్‌వలి జేబులోంచి సెంటు సీసా తీసి, మర్యాదగా ఆమెకు అందించాడు.