యాడ పెట్టమంటావు నాయనా?

ఆ షెడ్డులో మునిశేఖర్‌కు నచ్చింది ఒక్కటీ లేదు. రేకుల కప్పు నచ్చలేదు. పాకాల రోడ్డు దుమ్ము నచ్చలేదు. బెంగళూరులో ఆరేళ్లు చల్లటి వర్క్‌షాపులో హైబ్రిడ్ కార్లు బాగుచేసినవాడు, ఇంటికి దగ్గరని చిత్తూరు వచ్చి నాలుగు రోజులైంది.

అన్నిటికంటే నచ్చనిది నాగరత్నమ్మ.

ఏ బండి వచ్చినా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆమె పనేమిటో ఎవరూ చెప్పరు. కింద పడిన స్పానర్‌ను తీసి కొంగుతో తుడుస్తుంది. “ఇది యాడ పెట్టమంటావు నాయనా?” అని అడుగుతుంది. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న మనిషికి స్పానర్ ఎక్కడ పెట్టాలో తెలియదా! మునిశేఖర్ పేరూ ఆమె నోటికి రాలేదు. బాలాజీ అనే పిలుస్తుంది.

పొద్దున్నే యజమాని దేవరాజులుకు తెగేసి చెప్పాడు. “సాయంత్రం లోపల ఆ ముసల్దాన్ని పంపించన్నా. లేదంటే నేనే పోతా.”

నాగరత్నమ్మ విన్నది. స్టూలు మాత్రం కదల్లేదు.

ఆ రోజు పనికి వచ్చింది బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న పరంధామయ్య కారు. ఎర్ర లైటు వెలిగి నిలిచిపోయింది. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఒకటే చెప్పింది, బ్యాటరీ కరెంటు ఎక్కడో బాడీకి లీకవుతోందని. ఎక్కడో చెప్పలేదు.

వెనక సీటు కింద రెండొందల వోల్టుల బ్యాటరీ. దానికొక ఆరెంజి రంగు ప్లగ్గు, గుప్పిట్లో పట్టేంత. అది పీకేస్తే లోపల పని చేయొచ్చు. అది ఉండగా చేయి పెడితే మనిషి ఉండడు.

మునిశేఖర్ ప్లగ్గు పీకి డిక్కీ అంచున పెట్టాడు.

“జోబులో ఏసుకో నాయనా.”

“ఏసుకుంటే పిల్లలు పెడతాదా అవ్వా?”

“పీకినాక లోపలి కరెంటు దిగేదాకా పది నిమిషాలు ఆగల్ల గదా?”

“నాకు పరీక్ష పెట్టను వచ్చినావా? పోయి టీ చెప్పు, పో.”

ఆమె పోలేదు.

రబ్బరు గ్లౌజుల్లో చేతులు చెమటకు నానిపోయాయి. ఒక్కొక్క వైరూ మీటరు పెట్టి చూశాడు. గంట గడిచింది. లీకు దొరకలేదు.

“ఆ చీమలు యాడికి పోతా ఉండాయో సూడు, బాలాజీ.”

“మునిశేఖర్! మీటరు పట్టినోడికి చీమలు చూపిస్తావా?”

అన్నాడే గాని చూశాడు. సీటు పక్కన గాలి పోయే జాలీలోకి చీమలు బారు కట్టాయి. జాలీ విప్పాడు. సీటు మీద ఒలికిన మామిడి గుజ్జు లోపలికి కారి, వైరు జాయింటు మీద తాండ్రలాగా ఎండి ఉంది.

“కోట్ల ఫ్యాక్టరీ పెట్టినోడు, డబ్బాకు మూత పెట్టను రాదు!” అని పరంధామయ్యను ఈసడించాడు. శుభ్రంగా తుడిచాడు. మీటరు సరిగ్గా చూపించింది.

“చీమల్ని నేను ముందే చూసినాలే” అన్నాడు ఆమెతో.

ఇక ప్లగ్గు పెట్టాలి. డిక్కీ అంచున లేదు. బండి కింద లేదు. సామాన్ల పెట్టెలో లేదు. చివరికి నాగరత్నమ్మ రొంటిన ఆరెంజి రంగు కనిపించింది.

“దొంగ ముసలీ! ఇట్లా తే.”

“చేతులు రెండూ బయటికి తియ్యి. సూపించు.”

బడిపిల్లాడిలా చూపించక తప్పలేదు. అప్పుడు గాని ఆమె దాన్ని అతని అరచేతిలో పెట్టలేదు.

“నువ్వే పెట్టుకో నాయనా. నేను పెట్టను.”

“పెట్టమని నిన్నెవరడిగినారు?”

సాయంత్రం కారు స్టార్టయింది. ఎర్ర లైటు లేదు. మునిశేఖర్ చేతులు కడుక్కుని దేవరాజులు ముందు నిలబడ్డాడు.

“చెప్పన్నా. ఆమా, నేనా? పేరు తెలీదు, స్పానర్ తావు తెలీదు. ఇప్పుడు ప్లగ్గులు గూడా దొంగిలిస్తా ఉండాది.”

దేవరాజులు నోరు తెరిచేలోపే నాగరత్నమ్మ లేచింది. స్టూలును కొంగుతో తుడిచి చేతుల్లోకి తీసుకుంది.

“దీన్ని యాడ పెట్టమంటావు నాయనా?”

“ఆడనే పెట్టు పెద్దమ్మా. రేపు ఇంకో బండి వస్తాది. పోయి టీ తాగు, పో” అన్నాడు దేవరాజులు.

మునిశేఖర్ నవ్వాడు. “సరే అన్నా. నా లెక్క చూసెయ్.”

ఆమె గేటు దాటేదాకా దేవరాజులు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

“ఐదేండ్ల కింద ఆమె కొడుకు బాలాజీ సీటు కింద చేతులు పెట్టి పని చేస్తా ఉంటే, ప్లగ్గు కింద పడుండాదని కొంగుతో తుడిచి దాని తావులో బిగించింది ఆయమ్మేనప్పా.”