తప్పు విండో

ఎస్టోనియాలోని టార్టు ఊళ్లో, జానపద గీతాల భాండాగారంలో పాటలన్నీ దాచిన అసలు కంప్యూటరుకు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండో ఒకటి, ప్రయోగాల కంప్యూటరుకొకటి. ఒక్క మీట నొక్కితే ఒకదాన్నుంచి రెండోదానికి దూకే చిన్న ప్రోగ్రాము, షెల్ స్క్రిప్టు, రాసింది అక్కడి ప్రోగ్రామరు మారికా. దాన్ని వాడుతూ, అక్కడే పనిచేసే ఉర్మస్ అసలు కంప్యూటర్లో ఒక పాటను చెరిపేశాడు. దాంతోపాటే దాని నకలూ పోయింది. అది చనిపోయిన అతని తల్లి పాడిన శోకగీతం.

"ఏ విండోలో ఉన్నానో చూసుకోలేదు" అని తల పట్టుకున్నాడు.

మారికా తన స్క్రిప్టు తిరగేసింది. ప్రయోగాల విండో మూసి ఉంటే, అది ఇంకోసారి అడగకుండానే అసలుదానిలోకి దూకుతోంది. ఆమె లేచి నేరుగా డైరెక్టరు గదికి వెళ్లింది.

భోజనాల గదిలో ఉర్మస్ నల్లరొట్టె ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఉర్మస్ గారూ, తప్పు మీది కాదు, నా స్క్రిప్టుది. డైరెక్టరుగారికి చెప్పేశాను. మీ అమ్మగారి గొంతు నేనే పోగొట్టాను."

"అప్పుడే చెప్పేశావా? ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను?"

"చెప్పకపోతే నాకు ముద్ద దిగదండీ."

అతను రొట్టె పక్కకి నెట్టాడు.

"విండో దానంతటది మారలేదు మారికా. నేనే కావాలని మార్చాను. మా తమ్ముడు పోయినప్పుడు అమ్మ ఏడుస్తూ పాడిన పాట అది. పరాయివాళ్లు వినకూడదు, తీసెయ్యమని పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకుంది. అడిగితే ఇక్కడ ఒప్పుకోరని..."

"మరి నా స్క్రిప్టు?"

"అందులో లోపం ఉందని ముందే చూశాను. నింద దానిమీదకి పోతుందిలే అనుకున్నాను. నువ్వు నెత్తినేసుకుంటావని అనుకోలేదు."

ఉర్మస్ లేచి వెళ్లి డైరెక్టరు గది తలుపు తట్టాడు.