తలుపు చప్పుడు

కోడ్ అంతా యంత్రమే రాస్తుంది. చివర ఒక మనిషి చదివి సరేననాలని చట్టం. అందరి చెవుల్లోనూ ఉండే చెవిబిళ్లను నడిపే కోడ్‌కు ఆ మనిషి సువార్త. ఏ చప్పుడు చెవిని చేరాలో, ఏది చేరకూడదో తేల్చే ఆ కోడ్‌ను ఇంట్లో ఒక్కతే కూర్చుని చదువుతుంది.

ఒక మధ్యాహ్నం చూస్తే అందులో నాలుగు లైన్లు మాయమయ్యాయి. ఎవరైనా తలుపు తడితే వినిపించేలా చేసే లైన్లు అవి.

"ఇవెందుకు తీసేశావ్?" అని యంత్రాన్ని అడిగింది.

"వాడకం లేదు మేడమ్. మీ అంతస్తులోనే చూడండి, ఏడాది మొత్తంలో రెండుసార్లే తట్టారు. రెండుసార్లూ తలుపు తెరుచుకోలేదు."

మొదటిసారి తట్టింది తనే. జనవరిలో జ్వరంతో ఒళ్లు కాగిపోతుంటే ఎదురింటి శేషగిరిగారి తలుపు బాదింది. ఆయన తీయలేదు. అప్పట్నుంచీ లిఫ్ట్‌లో కనిపించినా మొహం తిప్పుకుంటోంది.

"రెండోది?"

"మర్నాడు. మీ తలుపే. 'అమ్మా సువార్తా, నిన్న తట్టింది నువ్వేనా? నిద్రలో ఉన్నానమ్మా, ఇప్పుడే కెమెరాలో చూశా. ఒంట్లో బాగుందా?' అని ఎదురింటాయన పావుగంట పిలిచారు."

"నాకు వినపడలేదే!"

"మీరూ నిద్రలో ఉన్నారు. నిద్రపోయేవాళ్లను బయటి చప్పుళ్లకు లేపొద్దని కిందటేడు మార్చాం. మీరే సరేనన్నారు మేడమ్."

ఆ నాలుగు లైన్లు తీసేయడానికి సువార్త ఒప్పుకోలేదు. కారణం రాయాల్సిన చోట 'తట్టేవాళ్లున్నారు' అని రాసింది. బిళ్ల తీసి బల్లమీద పెట్టి, ఎదురింటి ముందుకెళ్లి నిలబడింది.

శేషగిరిగారు కునుకు తీసే వేళ అది. ఎంత తట్టినా ఆయనకు వినపడదు. ఆ ఏర్పాటు కింద సంతకం తనదే.

అయినా తట్టింది.